ముందు చెవులు పెట్టు బావా

దామోదర్ ఫ్లెక్సీ కొట్టించాడు. దాని మీద ఎనిమిది మ్యూచువల్ ఫండ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో నీలం గీత, అన్నిటికన్నా కింద ఒక ఎర్ర గీత. పదేండ్లలో ఏ ఫండు ఎంత పెరిగిందో నీలం గీతలు చెబుతాయి. ఎర్ర గీత ఇండెక్స్ ఫండుది. దానికన్నా పొట్టిగా ఉన్న నీలం గీత ఒక్కటి కూడా లేదు.

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి షాపులో ఫ్లెక్సీని చుట్టి ఇస్తూ షాపతను అడిగాడు.

"ఏం ఎలక్షనన్నా? సర్పంచ్‌దా, మున్సిపాలిటీదా?"

"అంతకన్న పెద్దది. అత్తగారి ఊరు."

దామోదర్ ఆ పట్టణంలో ఇరవై రెండేండ్లుగా మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఇంట్లో ఎవరూ గొర్రెలు కాయలేదు. పెళ్లి మాత్రం అచ్చంపేట అవతల గట్టుకాడిపల్లిలో, గొర్లు కాసే ఇంట్లో చేసుకున్నాడు. మహబూబ్‌నగర్‌లో టీచర్లు, డాక్టర్లు, రైసుమిల్లు ఓనర్లు అతని దగ్గర పైసలు పెట్టారు. గట్టుకాడిపల్లి మాత్రం ఒక్క రూపాయి ఇయ్యలేదు. పండుగకు పోతే కాళ్లకు నీళ్లిస్తారు, కోడిని కోస్తారు, కల్లు పోస్తారు. పైసల మాట ఎత్తితే మాత్రం అందరికీ ఒకేసారి పని గుర్తుకొస్తుంది.

ఇప్పుడు ఆ ఊరి గొర్లకాపర్ల సంఘం దగ్గర పన్నెండు లక్షలు ఉన్నాయి. చేన్లలో ఎరువు కోసం రాత్రిపూట మందను ఆపినందుకు రైతులు ఇచ్చినవి కొన్ని, రోడ్డు పక్కన సంఘం జాగా అమ్మితే వచ్చినవి కొన్ని. పిల్లల పై చదువుల కోసం అనుకున్నారు. పదిహేనేండ్ల దాకా ముట్టొద్దని తీర్మానం చేశారు. ఎక్కడ పెట్టాలో మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మీటింగులో తేలుస్తామన్నారు. సంఘానికి అధ్యక్షుడు చెన్నయ్య, దామోదర్‌కు పిల్లనిచ్చిన మామ. రెండు మాటలు వినిపించమన్నాడు. ఒకటి అల్లునిది. రెండోది చిన్నబిడ్డ కోమలది. ఆమె అచ్చంపేట జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరు. ఇండెక్స్ ఫండే మేలని ఆమె వాదం.

కారు జడ్చర్ల దాటినాక దామోదర్ భార్య స్వర్ణను అడిగాడు.

"నువ్వు ఎవరి దిక్కు?"

"ఒక దిక్కు మొగడు, ఒక దిక్కు చెల్లె. నేను చాప దిక్కు. మిరుగం గదా, అమ్మ చాపల కూర వండుతాంది."

"పరాచకాలు ఆపు. గీ ఖాతా వస్తే ఊరు ఊరంతా వస్తది. రాకుంటే ఇగ నేను బతికున్నన్ని రోజులు వాళ్ల ముందట పట్నం అల్లున్నే."

"పట్నం అల్లుడు అంటే తిట్టా?"

"తిట్టు కాదు. కాళ్లకు నీళ్లిచ్చి పంపిచ్చుడు."

స్వర్ణ అన్నది.

"కోమలతోని గెల్వాలంటే జర కష్టమే. చిన్నప్పుడు దాంతోని అష్టాచెమ్మ ఆడి నేను ఒక్కసారి గెల్వలే."

"గది గవ్వల ఆట. ఇది లెక్క," అన్నాడు దామోదర్.

* * *

ఊరికి చేరేసరికి మీటింగు జాడ లేదు. జనమంతా సంఘం హాలు ముందటి మైదానంలో ఉన్నారు. అడవికి పోయిన మంద తెల్లారి దిగింది. దాని లెక్క తేలేదాకా వేరే లెక్క ముట్టరు.

ఎండాకాలం వస్తే ఇరవై ఇండ్ల గొర్రెలు ఒకే మందగా అమ్రాబాద్ దిక్కు, నల్లమలకు పోతాయి. తోలుకపోయేది శ్రీశైలం, అతనితో ఇంకో నలుగురు. శ్రీశైలం స్వర్ణకు చిన్నాయన కొడుకు, అంటే దామోదర్‌కు బామ్మర్ది. ఒక్కో ఇంటి గొర్రెకు చెవి మీద ఒక్కో రకం కోత ఉంటుంది. అడవిలో గొర్రె చనిపోతే ఆ కోత ఉన్న చెవిని కోసి, ఉప్పు పెట్టి, సంచిలో దాచుకుని తేవాలి. మంద దిగిన రోజు బతికిన గొర్రెలను ముందు లెక్కపెట్టరు. ముందు చెవులు. వాటిని నేల మీద పరచాలి, ఎవరి కోత ఎవరిదో వాళ్లు చూసుకోవాలి. ఆ తర్వాతే గొర్లు. గొర్రె కనపడక, చెవీ లేకపోతే కాపరి తన గొర్రెల్లోంచి ఒకదాన్ని ఇచ్చుకోవాలి.

శ్రీశైలం సంచి విప్పి దామోదర్‌ను చూశాడు.

"రా బావా, టైముకొచ్చినవ్. గీ సంచి జర పట్టు."

దామోదర్ తెల్లచొక్కా వేసుకున్నాడు. అయినా పట్టాడు. సంచిలోంచి వాసన కొట్టింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆడవాళ్లు నవ్వారు.

శ్రీశైలం ఒక్కొక్క చెవీ తీసి గోనెపట్టా మీద పెడుతున్నాడు. "ఇది హనుమంతు మామది, గాలికుంటు రోగం వచ్చి పోయింది. ఇది వెంకటయ్యది, వాగుల జారి పడి సచ్చింది. ఇది నాదే."

మారెమ్మ అనే ముసలామె పట్టా చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"నా బొల్లి గొర్రె మందల లేదు. పట్టా మీద లేదు. దాని చెవేదిరా?"

"అవ్వా, దాన్ని చిరుత ఎత్తుకపోయింది. తలకాయతోని సహా."

"అయితే చిరుత కాడికి పోయి అడుక్కరా."

"అడిగితే నా చెవి గూడ ఇస్తది అవ్వా."

"గదన్న తీస్కరా. పట్టా మీద పెడ్త."

మైదానమంతా నవ్వింది. శ్రీశైలం కూడా నవ్వాడు. నవ్వుతూనే తన మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను పట్టి మారెమ్మ గొర్రెల్లోకి తోలాడు. ఎవరూ దాని గురించి ఇంకో మాట మాట్లాడలేదు. దామోదర్ చేతులు కడుక్కోవడానికి నల్లా దిక్కు పోయాడు. రెండుసార్లు సబ్బు పెట్టినా వాసన పోలేదు.

అప్పుడే కోమల స్కూటీ దిగింది. భుజానికి లాప్‌టాప్ సంచి.

"ఏం బావా, వచ్చుడు వచ్చుడే గలీజు పని పెట్టిండ్రా?"

"మీ ఊరి మర్యాద గట్లుంటది. అక్కేం చెప్పింది? నాతోని పెట్టుకోకు అని చెప్పిందా?"

"చాపలు ఒడిసిపోకముందే మీటింగు ఒడగొట్టుమన్నది."

* * *

హాలులో మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు చాపల మీద కూర్చున్నారు. ఫ్లెక్సీని కిటికీ చువ్వలకు కట్టారు. చెన్నయ్య మధ్యలో కుర్చీ వేసుకుని చెప్పాడు.

"ఒకడు నా అల్లుడు, ఒకతి నా బిడ్డ. నేనెవ్వరి దిక్కు చెయ్యి ఎత్త. ఎత్తేది మీరే. అల్లుడా, నువ్వు మొదలువెట్టు."

దామోదర్‌కు మాట్లాడడం వచ్చు. ఇరవై రెండేండ్లు అదే పని చేశాడు. ఈ ఊరికి తగ్గట్టు మాట కూడా వెతుక్కొని వచ్చాడు.

"మీకు షేర్ మార్కెట్ అంటే భయం. నాకు అడవి అంటే భయం. మరి మీ గొర్లు అడవికెట్ల పోయినయి? శ్రీశైలం ఉన్నడు కాబట్టి. ఏ లోయల గడ్డుంటది, ఏ కుంటల నీళ్లుంటయి, చిరుత ఏ దిక్కుంటది, ఆయనకు ఎరుక. మ్యూచువల్ ఫండ్ల గూడ గంతే. వేలమంది పైసలు ఒక్క మంద. దానికి ఒక మేనేజరుంటడు. ఏ కంపెనీ షేర్లు కొనాలె, ఏది ఎప్పుడు అమ్మాలె, ఆయనే చూస్తడు. ఇండెక్స్ ఫండుకు గా మేనేజరు ఎంచుడు ఉండదు. దేశంల పెద్ద కంపెనీలు యాభై ఉంటే యాభై కొంటది. మంచిదా చెడ్డదా అడగదు. కాపరి లేని మంద అన్నట్టు."

"కాపరి లేకుంటే ఎట్ల?" అన్నాడు వెనకనుంచి హనుమంతు.

"గదే నేను అడుగుతున్న." దామోదర్ ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. "ఇవి ఎనిమిది ఫండ్లు. పదేండ్ల లెక్క. కాపరి ఉన్నవి నీలం గీతలు. కాపరి లేనిది ఎర్ర గీత. చూడుర్రి. ఎనిమిదిట్ల ఎనిమిది, ఎర్రదాన్ని దాటినయి. నేను కల్పించి చెప్పిన మాట కాదు, లెక్క."

లెక్క తప్పు కాదు. దామోదర్ అబద్ధం రాయడు. కంపెనీ వెబ్‌సైట్లలో చూసి, రెండుసార్లు సరిచూసి రాశాడు. మహబూబ్‌నగర్‌లో ప్రతి ఏడాదీ ఇలాంటి పట్టిక వేసేవాడు, ప్రతి ఏడాదీ నీలమే గెలిచేది. జనం తలలూపారు. వెంకటయ్య, "గిట్ల చూపెడితే ఇంకేం గావాలె," అన్నాడు. దామోదర్ స్వర్ణ దిక్కు చూశాడు. ఆమె బొటనవేలు ఎత్తి చూపెట్టింది.

చెన్నయ్య కోమలకు సైగ చేశాడు. కోమల లేచి నిలబడింది.

"బావ చెప్పిన దాంట్ల చాన నిజమున్నది. ఒక్కటి చెప్పలే. కాపరికి కూలి ఉంటది. నూరు రూపాయలు మేపితే ఏడాదికి రూపాయిన్నర, రెండు రూపాయలు గా ఫండు తీస్కుంటది. మంద పెరిగినా తీస్కుంటది, తరిగినా తీస్కుంటది. ఇండెక్స్ ఫండు ఇరవై, ముప్పై పైసలు తీస్కుంటది."

"మంచి కాపరికి కూలెక్కువ ఇచ్చినా నష్టం లేదు," అన్నాడు దామోదర్. "కూలి పోంగ మిగిలిందే గా గీత గంత పొడుగున్నది. నేను చూపెట్టింది కూలి తీసినంక లెక్క మరదలా."

"అవును, తీసినంకదే," ఒప్పుకుంది కోమల. జనం మళ్లీ తలలూపారు. మారెమ్మ పక్కావిడతో, "పిల్ల ఒప్పుకున్నది, ఇగ లేద్దాం," అన్నది.

"బావా, ఒక్క మాట. గీ ఎనిమిది ఎప్పుడు ఏరినవ్?"

"మొన్న. ఫ్లెక్సీ కోసం."

"గీ హాలు కట్టి పదేండ్లయింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. హాలు తెరిచిన దినం నువ్వు గిదే జాగల నిలబడి ఎనిమిది ఫండ్ల పేర్లు చెప్పినవ్. నేను గప్పుడు బి.ఎడ్ చేస్తున్న. గప్పుడు చెప్పినవి గివేనా?"

దామోదర్ ఫ్లెక్సీ దిక్కు చూశాడు.

"కొన్ని."

"కొన్ని అంటే?"

"మూడు."

"తక్కిన ఐదు?"

"మధ్యల మార్చిన. బాగ నడుస్తలేవు. బాగ నడిచేవి పెట్టిన. ఎవ్వడైనా గదే చేస్తడు."

"పెబ్బేరు అంగట్ల లావైన పొట్టేళ్లను ఎనిమిదిని ఏరి, ఇవన్ని పదేండ్ల సంది నా మందలవే అంటే ఎట్ల?" కోమల చెయ్యి చాపి ఫ్లెక్సీ ముందరి నేలను చూపింది. "ముందు చెవులు పెట్టు బావా."

శ్రీశైలం మోకాలి మీద చరిచి నవ్వాడు. నవ్వు ఆడవాళ్ల దిక్కు పాకింది. మారెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. హనుమంతు, "సంచి తేవాల్నా అల్లుడా?" అని అరిచాడు.

దామోదర్‌కు చెవులు వేడెక్కాయి. తెల్లచొక్కా, కొట్టించిన ఫ్లెక్సీ, రెండుసార్లు సరిచూసిన లెక్క, అన్నీ ఒక్క మాటతో నవ్వులపాలయ్యాయి. ఇరవై రెండేండ్లలో ఈ ప్రశ్న తనను ఎవరూ అడగలేదు. రైసుమిల్లు ఓనరు అడగలేదు, డాక్టర్లు అడగలేదు. హైదరాబాద్ హోటళ్లలో ట్రైనింగు ఇచ్చిన కంపెనీలవాళ్లు కూడా ఇలాంటి గీతలే చూపెట్టారు, బిర్యానీ పెట్టి పంపారు. ప్రతి ఏడాదీ పట్టికలోంచి నెమ్మదించినవాటిని తీసేవాడు, ఉరికేవాటిని చేర్చేవాడు. దాన్ని జాగ్రత్త అనుకున్నాడు. తీసేసినవాటిని మళ్లీ ఎప్పుడూ కూడలేదు.

ఆ ఐదు పేర్లు గుర్తు లేవు అనొచ్చు. ఎవరూ పట్టుకోలేరు, కోమల కూడా. కానీ గుర్తున్నాయి. తను మెచ్చి చెప్పిన ఫండు పేరును ఏజెంటు మరచిపోడు.

అంతకన్నా, ఇప్పుడు అతనికే తెలుసుకోవాలనిపించింది.

ఫ్లెక్సీ ముందునుంచి నడిచి వచ్చి చాప మీద, కోమల పక్కన కూర్చున్నాడు.

"లాప్‌టాప్ తెరువు. పేర్లు నేను చెప్త. లెక్క నువ్వు తియ్యి. తలా ఒక లక్ష పెట్టినట్టు, హాలు తెరిచిన దినం నుంచి."

కోమల అతని ముఖం చూసింది. నవ్వు ఆపింది.

"నిజంగనా బావా?"

"చాపలు చల్లారుతున్నయి. తెరువు."

* * *

ఆ తర్వాతి గంటన్నర గురించి గట్టుకాడిపల్లి చాలా కాలం చెప్పుకుంది.

ఫండ్ల పేర్లన్నీ ఇంగ్లీషువి. శ్రీశైలం రెండో పేరుకే చెయ్యెత్తాడు.

"బావా, గీ పేర్లకు మాకు నోరు తిరగదు. దాని గుణం చెప్పు, పేరు మేం పెట్టుకుంటం."

అతను బయటికి పోయి విస్తరాకు కోసం ఎండబెట్టిన మోదుగాకులు ఎనిమిది తెచ్చి వరుసగా పరిచాడు. మొదటి ఆకు ముందు కూర్చుని దామోదర్ చెప్పాడు.

"ఇది ఎప్పుడూ ముందే. పదేండ్లల లక్ష, నాలుగు లక్షల పది వేలయింది."

"గంట కట్టిన పొట్టేలు," అన్నాడు శ్రీశైలం. ఆకు పక్కన ఒక చిన్న రాయి పెట్టాడు. బతికి ఉన్నదానికి రాయి.

రెండోది మూడు లక్షల అరవై వేలు. నల్లది అన్నారు. మూడోది మూడు లక్షల ముప్పై ఐదు వేలు. నామాలది అన్నారు. ఈ మూడూ ఫ్లెక్సీ మీద ఉన్నవే. కోమల ఇండెక్స్ ఫండు లెక్క తీసింది. లక్ష, మూడు లక్షల ఇరవై వేలయింది. మూడు ఆకులూ దాన్ని దాటాయి.

"అరె, అల్లుడు గెలుస్తుండు," అన్నాడు వెంకటయ్య.

"ఆగు మామా," అన్నాడు దామోదర్. "ఇంక ఐదున్నయి."

నాలుగోది రెండు లక్షల ఎనభై ఐదు వేలు.

"దీని గుణమేంది?"

"మార్కెట్ లేస్తే లెవ్వదు. పడితే మాత్రం అందరికన్న ముందు పడ్తది."

"మా ఆయన," అన్నది మారెమ్మ. ఆయన గోడకు ఒరిగి కునుకుతున్నాడు. ఆ ఆకుకు ఆయన పేరే పెట్టారు. హాలు నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. ఆయన లేచి, "ఏమైంది, మీటింగు ఒడిసిందా?" అన్నాడు. మళ్లీ నవ్వారు.

ఐదోది రెండు లక్షల అరవై. ఆరోది, ఏడోది ఇప్పుడు లేవు.

"లేవంటే?" అడిగాడు చెన్నయ్య.

"రెండువేల పద్దెనిమిదిల సర్కారు కొత్త కాయిదా పెట్టింది మామా. ఒక్కో కంపెనీ ఒక్కో రకానికి ఒక్క ఫండే ఉంచుకోవాలె అన్నది. గా తొక్కులాటల ఆరోదాన్ని ఇంకో ఫండుల కలిపేసిండ్రు. ఏడోది నడుస్తలేదని తర్వాత కంపెనోళ్లే కలిపేసుకున్నరు. పేరు గూడ మిగల్లే. ఇప్పుడు జాబితాలు చూస్తే గవి పుట్టనే లేదన్నట్టుంటది."

"చెవి గూడ లేకుంట," అన్నాడు శ్రీశైలం. ఈసారి నవ్వలేదు. ఆ రెండు ఆకుల మీద రాయి పెట్టలేదు.

కలిపిన ఫండులో వచ్చిన విలువను పట్టుకుని కోమల లెక్క తీసింది. ఆరోది రెండు లక్షల డెబ్బై, ఏడోది రెండు లక్షల నలభై. ఎనిమిదోది కరెంటు, రోడ్ల కంపెనీల షేర్లు కొనే ఫండు. అది లక్షా తొంభై వేల దగ్గర ఆగింది. హాలు తెరిచిన దినం దామోదర్ అన్నిటికన్నా ఎక్కువ మెచ్చింది దాన్నే.

కూడింది దామోదరే. ఫోనులో మూడుసార్లు కూడాడు. ఫోను తిప్పి మామకు చూపి, తర్వాత లేచి నిలబడి జనానికి చెప్పాడు.

"నేను గప్పుడు చెప్పిన ఎనిమిదిట్ల తలా లక్ష పెట్టి ఉంటే, ఎనిమిది లక్షలు ఇయ్యాల ఇరవై మూడున్నర లక్షలు. అదే పైసలు ఇండెక్స్ ఫండుల పెడితే ఇరవై ఐదు లక్షల అరవై వేలు. నా మంద రెండు లక్షలు తక్కువ తెచ్చింది. కోమల చెప్పిందే నిజం."

"ఒక్క మాట నేను గూడ చెప్పాలె," అన్నది కోమల. "బావ ఎనిమిదిట్ల మూడు ఇండెక్స్‌ను దాటినయి. గది అబద్ధం గాదు. ఏ మూడు దాటుతయో గప్పుడు బావకు తెల్వదు, నాకు తెల్వదు. రేపు ఏవి దాటుతయో ఎవ్వరికి తెల్వదు. ఇంకోటి. ఇండెక్స్ ఫండు గూడ పడ్తది. కరోనా వచ్చినప్పుడు మూడోవంతుకన్న ఎక్కువ పడ్డది. గప్పుడు భయపడి తీసేస్తే ఈ లెక్కలేవీ పనికిరావు."

చెన్నయ్య చేతులెత్తమన్నాడు. ఇండెక్స్ ఫండుకు హాలు హాలంతా ఎత్తింది. చెన్నయ్య, ఎవరి దిక్కూ ఎత్తనన్నవాడు, అందరితో పాటు ఎత్తాడు. దామోదర్ కూడా ఎత్తాడు. ఎత్తి, కిటికీ దగ్గరికి పోయి ఫ్లెక్సీ తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఖాతా పోయింది. ఊరూ పోయినట్టే అనుకున్నాడు. వింతగా, బాధ తను అనుకున్నంత లేదు. ఇరవై రెండేండ్లలో మొదటిసారి లెక్క చివరిదాకా చేశానన్న తేలిక ఉంది. ఆ తేలికతో మహబూబ్‌నగర్ పోయి రైసుమిల్లు ఓనరుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

"అల్లుడా," మారెమ్మ గొంతు.

"ఏందవ్వా?"

"పోయిన ఏడు పది గొర్లమ్మిన. పైసలు బ్యాంకుల ఉన్నయి. గా ఇండెక్స్‌ల పెట్టాలంటే ఏం చెయ్యాలె?"

"కోమల చెప్తదవ్వా."

"కోమలను కాదు, నిన్ను అడుగుతున్న."

దామోదర్ తాడు వదిలి తిరిగాడు. మారెమ్మ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. హనుమంతు కూడా లేచాడు. దామోదర్‌కు అర్థం కాలేదు. మామ దిక్కు చూశాడు.

"గెలిచింది కోమల గదా మామా?"

"గెలిచింది," అన్నాడు చెన్నయ్య. "దాన్ని కాదంటలేం. అల్లుడా, ఒక కాపరి అడవికి పోయి మూడు నెలలకు వచ్చి, ఒక్క గొర్రె గూడ చావలే అంటే, మరుసటి ఏడు వానికి మేము మంద అప్పజెప్పం. ఎందుకంటే చావకుంటే ఉండయి. ఇన్నేండ్ల సంది నువ్వు వచ్చినప్పుడల్లా నీయి అన్ని బతికే ఉన్నయి. మాకు భయమైతుండె."

"ఇరవై రెండేండ్లు గీ ముక్క నాతోని ఎవ్వరన్న అంటే బాగుండు గదా!"

"అల్లున్ని అంటే అలుగుతడు," అన్నది హాలు గడప మీద నిలబడ్డ గోపమ్మ. ఆమె దామోదర్ అత్త. చాపల కూర చల్లారిందని చెప్పడానికి వచ్చింది. "నేనే వద్దన్న."

ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది స్వర్ణ.

* * *

కూలి సంగతి అన్నం తింటూ తేలింది.

"డైరెక్టుగ పెడితే ఏజెంటుకు ఏం రాదు నాయినా. ఖర్చు తక్కువైతది. సంఘం పైసలు గట్లనే పెట్టాలె," అన్నది కోమల.

"మరి బావ ఫోకట్ల తిరగాల్నా?" అన్నాడు శ్రీశైలం. "కాయితాలు ఎవరు చూస్తరు? మార్కెట్ పడ్డనాడు గీ మారెవ్వను ఎవరు పట్టుకుంటరు?"

"నన్ను పట్టుకునుడు ఎవ్వని తోని కాదు," అన్నది మారెమ్మ.

చెన్నయ్య ముల్లు తీసి ఆకు పక్కన పెట్టాడు.

"ఏడాదికోసారి మిరుగం నాడు అల్లుడు వస్తడు. ఏది పెరిగిందో, ఏది పడ్డదో సంఘంల చెప్తడు. వచ్చినప్పుడు ఒక పొట్టేలు కట్టి పంపుదాం. కూలి అంటే కూలి, అల్లుని మర్యాద అంటే మర్యాద."

"పొట్టేలును పట్నంల యాడ కట్టెయ్యాలె?" అన్నది స్వర్ణ.

"రైసుమిల్లు ఓనరుకు ఇయ్యి అక్కా," అన్నది కోమల. "రేపు బావ పోయి లెక్క చెప్పినంక ఆయనకు గూడ ఏదన్న ఇయ్యాలె గదా."

దామోదర్ పొలమారేదాకా నవ్వాడు. గోపమ్మ అతని తల మీద తట్టి నీళ్లిచ్చింది.

సాయంత్రం బయలుదేరినప్పుడు పొట్టేలు వెనక సీట్లో ఉంది. దాని కిందికి పరవడానికి ఇంకేం దొరకక ఫ్లెక్సీ పరిచారు. అచ్చంపేట చౌరస్తాలో కారు ఆగితే అది కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లు మరలి చూశారు. దామోదర్ వాళ్లకు చెయ్యి ఊపాడు.

"ఇండెక్స్ ఫండు మీద నీకు ఏమన్న మిగుల్తదా?" అడిగింది స్వర్ణ.

"మారెవ్వ పైసల మీద ఏడాదికి నూటాయాభై రూపాయలు వస్తే ఎక్కువ."

"గట్లనా? మరి డీజిలుకెంత?"

"రెండు వేలు."

"మంచి యాపారం," అన్నది స్వర్ణ.

అచ్చంపేట దాటుతుండగా ఫోను మోగింది. స్వర్ణ స్పీకరు పెట్టింది. శ్రీశైలం. వెనక చాలా గొంతులు వినిపిస్తున్నాయి.

"బావా, యాడిదాక పోయిండ్రు? పై ఊరోళ్లకు తెలిసి ఎన్మిది మంది వచ్చి కూసున్నరు. ఆధార్ కార్డులు పట్టుకోని వచ్చిండ్రు. పొద్దుగూకినా సరే, అల్లుడు చెప్తేనే పోతం అంటున్నరు. మీ అత్త మళ్ల పొయ్యి ముట్టిచ్చింది. జర తిరిగి రారాదు?"

దామోదర్ భార్య దిక్కు చూశాడు.

"నన్ను చూస్తవేంది," అన్నది స్వర్ణ. "బండి తిప్పు."

దామోదర్ బండి తిప్పాడు.